ఇంజను ఎవరి సొత్తు?

చాలా రోజులుగా వ్రాయాలనుకుంటూ, బద్ధకించి వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. ఈసారి కవిత్వం లేదు, పుస్తక సమీక్ష లేదు. ఒక ఇంజను గురించి తగవు పెట్టుకోవడానికి వచ్చాను. ఓపిక ఉన్నవారు కడదాకా చదవండి. లేనివారు మధ్యలోనే నన్ను నాలుగు మాటలని వెళ్ళిపోవచ్చు, ఏమీ అనుకోను.

విశాఖపట్నంలో రామకృష్ణా బీచి రోడ్డున నడిచినవారికి ఆ విమానం తెలిసే ఉంటుంది. టీయూ-142. సముద్రం మీద జలాంతర్గాములను వెతకడానికి మన నౌకాదళం 1988లో తెచ్చుకుని, 2017 మార్చిలో విశ్రాంతినిచ్చిన రష్యన్ విమానం. అదే సంవత్సరం డిసెంబరులో దానిని ప్రదర్శనశాలగా తెరిచారు. ఒక్కొక్క రెక్కకు రెండేసి చొప్పున నాలుగు ఇంజన్లు. ఒక్కొక్క ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు, ఒకటి కుడివైపు తిరిగితే రెండవది ఎడమవైపు తిరుగుతుంది. జనం విమానం పొట్టలో దూరి, ఫొటోలు దిగి, బయటికి వచ్చి మొక్కజొన్న పొత్తు కొరుక్కుంటూ వెళ్ళిపోతారు. ఆ ఇంజన్ల వంక తలెత్తి చూసేవారు బహు తక్కువ.

నాతో వచ్చిన మా బావమరిది మాత్రం చూశాడు. చూసి, "ఇదంతా జర్మన్ల సరుకు బావా. యుద్ధంలో గెలిచి వాళ్ళ ఇంజనీర్లను రైళ్ళకెత్తి తెచ్చి చేయించుకున్నారు. వీళ్ళు సొంతంగా చేసిందేముంది, కాపీ కొట్టడం తప్ప?" అని తేల్చేశాడు.

ఆ సాయంత్రమే మా పక్కవీధి మాస్టారి దగ్గర ఈ మాట కదిపాను. ఆయన యింట్లో 'సోవియట్ భూమి' సంచికలు ఇప్పటికీ బైండు చేయించి, వేపాకు వేసి భద్రంగా ఉన్నాయి. వినగానే మండిపడ్డారు. "అదంతా పడమటివాళ్ళ ప్రచారం నాయనా. దున్నపోతుల దేశాన్ని ఇరవయ్యేళ్ళలో చుక్కల దాకా లేపిన వ్యవస్థ అది. అలాంటి ఇంజనును ఇంకెవరైనా చేశారేమో చూపించు!"

ఈ ఇద్దరితోనూ నాకు తగవే. ఇద్దరూ ఒక్క తప్పే చేస్తున్నారు. ఇంజను అనేది ఎవరో ఒక మేధావి తలలోంచి పూర్తిగా తయారై ఊడిపడుతుందని ఇద్దరి నమ్మకమూను. ఆ తల జర్మన్లదా, సోవియట్లదా అన్నదొక్కటే వారి మధ్య తేడా. నా వాదం వేరు. ఇంజను గీసినవాడి సొత్తు కాదు, కొన్నవాడి సొత్తు అసలే కాదు. అది ఎందుకు పగిలిందో తెలుసుకుని, తెలుసుకున్నది దాచకుండా వ్రాసిపెట్టుకుని, మళ్ళీ నడిపి చూసినవాడి సొత్తు. ఆ నాలుగు ఇంజన్లను పుట్టించిన కర్మాగారం చరిత్ర మొత్తం ఈ ఒక్క మాటకు సాక్ష్యం. ఆ కర్మాగారం వోల్గా ఒడ్డున సమారా నగరంలో ఉంది. పేరు కుజ్నెత్సోవ్.

*

మొదట "కాపీ" అన్న నింద సంగతి చూద్దాం.

ఆ సంస్థ తన పుట్టుకను 1912 నుంచి లెక్కవేసుకుంటుంది. ఆ సంవత్సరం మాస్కోలో ఫ్రెంచి వారి గ్నోమ్ కంపెనీ ఇంజన్లు చేసే చిన్న కర్మాగారం ఒకటి వెలిసింది. విప్లవం తరువాత అది ప్రభుత్వపరమై, ఇంకొక కర్మాగారంతో కలిసి, ఫ్రూంజె పేరుతో 24వ నంబరు కర్మాగారమయింది. 1941 శరత్తులో జర్మన్ సేనలు మాస్కో మీదికి వస్తుంటే యంత్రాలన్నీ విప్పి రైళ్ళకెత్తి కూయిబిషెవ్‌కు తరలించారు. నేటి సమారాకు ఆనాటి పేరు అది. అక్కడ ఇలియూషిన్-2 దాడి విమానాలకు మికూలిన్ గీసిన ఏఎం-38 ఇంజన్లను తయారుచేశారు. అంటే ఈ వంశవృక్షంలో మొదటి వేరే ఫ్రెంచిది. మా బావమరిదికి ఇది ఇంకొక ఆయుధం దొరికినట్టే!

కాని ఆ లెక్కన ఎవరిని మిగులుస్తాం? అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ జెట్ ఇంజన్ల పని మొదలుపెట్టింది బ్రిటన్ నుంచి 1941లో వచ్చిన ఫ్రాంక్ విటిల్ గారి ఇంజనును ముందు పెట్టుకునే. ప్రాట్ అండ్ విట్నీ తొలినాళ్ళలో తయారుచేసిన జెట్ ఇంజను రోల్స్-రాయిస్ వారి నీన్‌కు లైసెన్సు రూపం. అదే నీన్‌ను 1947లో బ్రిటన్ సోవియట్లకూ అమ్మింది. దానినుంచే మిగ్-15 ఇంజను వచ్చింది. అమెరికావాడు తెచ్చుకుంటే "సాంకేతిక బదిలీ", రష్యావాడు తెచ్చుకుంటే "కాపీ" అనడం న్యాయమేనా? ఇంజన్ల లోకంలో అందరూ ఎరువు తెచ్చుకున్న నిప్పుతోనే పొయ్యి రాజేశారు. ఆ పొయ్యి మీద ఎవరేం వండారన్నదే ప్రశ్న.

జర్మన్ల సంగతి నేను దాచను. 1946 అక్టోబరు 22 తెల్లవారుజామున తూర్పు జర్మనీలో వేలాది ఇళ్ళ తలుపులు తట్టి, ఇంజనీర్లనూ వారి కుటుంబాలనూ రైళ్ళెక్కించారు. వారిలో డెస్సౌలోని యుంకర్స్ వారు, స్టాస్‌ఫుర్ట్‌లోని బీఎండబ్ల్యూ వారు కూయిబిషెవ్ శివార్లలోని ఉప్రవ్‌లెన్‌చెస్కీ అనే పల్లెకు చేరారు. అక్కడ 2వ నంబరు ప్రయోగ కర్మాగారం వెలిసింది. ఆ మనుషులను ఎవరూ వస్తారా అని అడగలేదు. దీనికి "సహకారం" అని పేరు పెట్టడం మాటల గారడీ. అది నిర్బంధం. మాస్టారు నొచ్చుకున్నా సరే, నేనీ మాట వెనక్కి తీసుకోను.

వారు తమ దేశంలో మొదలుపెట్టిన 022 అనే టర్బోప్రాప్ ఇంజను పనినే అక్కడ కొనసాగించారు. ఆ పనికి ముఖ్యుడు ఆస్ట్రియా దేశస్థుడైన ఫెర్డినాండ్ బ్రాండ్నర్. 1949లో ఆ కర్మాగారానికి అధిపతిగా వచ్చినవాడు నికొలాయ్ ద్మీత్రియెవిచ్ కుజ్నెత్సోవ్. అప్పటికి ఆయన వయసు 38 ఏళ్ళు. ఇంజను పేరులోని ఎన్‌కే అక్షరాలు ఆయనవే. బ్రాండ్నర్ పేరులో ఒక్క అక్షరం కూడా అందులో లేదు. ఇది అన్యాయమే. ఒప్పుకుంటాను.

ఇక్కడితో కథ ముగిస్తే బావమరిది గెలిచినట్టే. కాని అసలు కథ మొదలయ్యేది ఇక్కడే.

*

టుపొలెవ్ చేస్తున్న టీయూ-95 బాంబరుకు ఒక్కొక్కటీ 12,000 హార్స్‌పవర్ ఇవ్వగల ఇంజన్లు నాలుగు కావాలి. 022 వంశంలోని ఇంజను అందులో సగం బలమే ఇస్తుంది. గడువు ముంచుకొస్తోంది. అందుచేత రెండు ఇంజన్లను జతచేసి, రెండింటి బలాన్నీ ఒకే గేర్ పెట్టెలోకి తెచ్చి, జంట ప్రొపెల్లర్లను తిప్పేటట్టు ఏర్పాటు చేశారు. దానిపేరు 2టీవీ-2ఎఫ్. 1952 నవంబరు 12న మొదటి టీయూ-95 దానితోనే ఎగిరింది.

1953 మే 11న మూడవ ఇంజను గాలిలో అంటుకుంది. ఇంజను రెక్కనుంచి ఊడిపోయింది, విమానం మాస్కోకు తూర్పున నోగిన్స్క్ సమీపంలో కూలిపోయింది. తోటివారిలో దూకగలిగినవారిని దూకమని, తాను కడవరకూ విమానాన్ని కాపాడే ప్రయత్నం చేసిన పైలట్ అలెక్సేయ్ పెరెల్యోత్ మరణించాడు. కారణం వెతికితే గేర్ పెట్టెలో ఒక పళ్ళచక్రం లోహపు అలసటతో విరిగినట్టు తేలింది.

గేర్ పెట్టె అంటే తేలికగా తీసుకోకండి. టర్బైను నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లరు అంత వేగంగా తిరిగితే దాని కొనలు శబ్దవేగాన్ని మించిపోయి, బలమంతా రొదగా వృథా అవుతుంది. అందుకని మధ్యలో వేగాన్ని పదోవంతుకు దించాలి. రోడ్డు మీద తిరిగే చిన్న కారు బలం వంద హార్స్‌పవర్ లోపు. తరువాత 15,000 హార్స్‌పవర్‌కు చేరిన ఈ ఇంజనులో, అలాంటి నూటయాభై కార్ల బలం ఒక మనిషి చేతులు చాచి కౌగలించుకోగలంత పెట్టెలోంచి, నూనెలో మునిగిన పళ్ళచక్రాల మీదుగా, గంటల తరబడి ప్రవహించాలి. దీనిని కాగితం మీద గీయవచ్చు. నిలబెట్టడానికి మాత్రం ఒక్కటే దారి. ఇంజనును నేలకు బిగించి రాత్రింబవళ్ళు నడిపే టెస్టు బెడ్డు. నడుపు, విరుగు, విప్పు, చూడు, మార్చు, మళ్ళీ నడుపు.

ఆ ప్రమాదం తరువాత ఆ కర్మాగారం జంట ఇంజను ఆలోచనను పక్కనపెట్టి, అంత బలమూ ఒక్క ఇంజనులోనే ఇచ్చే టీవీ-12 మీద పడింది. 14 అంచెల కంప్రెసరు, 5 అంచెల టర్బైను, ఒకే ఇరుసు. 1955 ఫిబ్రవరిలో రెండవ టీయూ-95 దానితో ఎగిరింది. అదే ఎన్‌కే-12. అప్పటికి జర్మన్లలో చాలామంది స్వదేశానికి తిరిగి వెళ్ళిపోయారు. ఇంజను మాత్రం పెరుగుతూనే పోయింది. 1959లో క్రుశ్చేవ్‌ను అమెరికాకు మోసుకుపోయిన టీయూ-114కు, అన్తోనోవ్ వారి బృహద్విమానం ఏఎన్-22కు, మన బీచిలోని టీయూ-142కు అదే మూలం. 1970లనుంచి దాని తమ్ముడొకటి ఎన్‌కే-12ఎస్‌టీ పేరుతో నేల మీద కూర్చుని, గొట్టాలలో సహజవాయువును నెట్టే కూలిపని కూడా చేసింది.

"అయినా మూలం జర్మన్లదే కదా" అంటాడు బావమరిది. సరే, దానికొక పరీక్ష ఉంది. చరిత్రే ఆ పరీక్ష పెట్టింది.

రష్యానుంచి విడుదలైన బ్రాండ్నర్ 1960లలో ఈజిప్టుకు వెళ్ళాడు. అక్కడ మెసర్‌ష్మిట్ గీసిన హెచ్‌ఏ-300 యుద్ధవిమానానికి ఈ-300 అనే జెట్ ఇంజను తయారుచేశాడు. అదే కాలంలో బెంగుళూరులో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారికి కుర్ట్ టాంక్ అనే మరో జర్మన్ దిగ్గజం మారుత్ యుద్ధవిమానం గీశాడు. 1961లో ఎగిరిన ఆ మారుత్‌కు తగిన ఇంజను లేదు. అందుకని మనవాళ్ళు ఒక మారుత్‌ను ఈజిప్టుకు పంపి, 1967లో దానికి ఈ-300 బిగించి ఎగరేయించారు కూడాను! ఎంత గొప్ప ముహూర్తం! జర్మన్ విమానం, జర్మన్ల చేత పండిన ఆస్ట్రియన్ ఇంజను, రెండు స్వతంత్ర దేశాల ఆశలు. ఫలితం? 1969లో ఈజిప్టు ఆ పథకాన్ని మూసేసింది. మారుత్ తగిన ఇంజను లేకుండానే, తన రూపానికి తగిన వేగం ఎన్నడూ అందుకోకుండానే వెళ్ళిపోయింది.

ఈజిప్టుకు డబ్బు చాలలేదు, 1967 యుద్ధం నడ్డి విరిచింది. నిజమే. కాని అదే నా మాట. తల ఒక్కటే చాలితే అదే బ్రాండ్నర్ తల ఇక్కడా ఉంది కదా! లేనిదల్లా ఏళ్ళ తరబడి ఇంజన్లు పేల్చుకోగల తాహతు, పేలిన ముక్కలు ఏరే మనుషులు, లోహం కరిగించే కొలిమి, పదిమంది వెళ్ళిపోయినా పని ఆగని వ్యవస్థ. సమారాలో అవి ఉన్నాయి. హెల్వాన్‌లో లేవు. బెంగుళూరులోనూ లేవు.

*

ఇక మాస్టారి వంతు. మాస్టారూ, మీరు పెద్దవారు, తప్పుగా అనుకోవద్దు.

మీ బైండు పుస్తకాలలో ఎన్-1 అనే రాకెట్టు పేరు ఎక్కడైనా ఉందా? ఉండదు. చంద్రుడి మీదికి మనిషిని పంపడానికి సోవియట్లు కట్టిన ఆ రాకెట్టు ఉన్నదన్న సంగతినే 1989 దాకా బయటి ప్రపంచానికి ఒప్పుకోలేదు.

దాని ఇంజన్లు చేసింది కుజ్నెత్సోవే. రాకెట్ ఇంజన్లలో ఆనాటి మేటి గ్లుష్కో. ఆయనకూ, రాకెట్టు నిర్మాత కొరొల్యోవ్‌కూ ఇంధనం విషయంలో పడలేదు. గ్లుష్కో విషపూరితమైన రసాయనాలు వాడదామన్నాడు. కొరొల్యోవ్ కిరసనాయిలు, ద్రవ ఆక్సిజన్ చాలునన్నాడు. తగవు ముదిరి కొరొల్యోవ్ విమాన ఇంజన్లు చేసుకునే కుజ్నెత్సోవ్ తలుపు తట్టాడు. ఆయన చేసిన ఎన్‌కే-15 ఇంజన్లు 30 కలిపితే ఎన్-1 మొదటి అంచె. వేడి ఆక్సిజన్ తాకితే మామూలు ఉక్కు కట్టెలా మండుతుంది. అలాంటి ఆక్సిజన్ అధికంగా ఉన్న వాయువుతో పంపును తిప్పి, ఆ వాయువును పారవేయకుండా మళ్ళీ ఇంజనులోనే మండించే పద్ధతిని వీళ్ళు లొంగదీశారు. విమాన ఇంజన్ల లోహవిద్య అక్కడ పనికొచ్చింది. ఇందులో నిజంగానే మహత్తు ఉంది.

కాని ఆ తొలి ఇంజన్లను పంపేముందు ఒక్కొక్కదాన్ని నడిపి చూసే వీలు లేదు. ఒకసారి మండితే మళ్ళీ పనికిరాని కవాటాలు వాటిలో ఉన్నాయి. అందుకని కొన్ని ఇంజన్ల గుంపునుంచి రెండిటిని తీసి మండించి, అవి బాగుంటే మిగిలినవీ బాగున్నట్టే లెక్కవేసేవారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తే సరిపోతుంది, ఇంజన్లు మెతుకులు కావు కదా! పైగా 30 ఇంజన్లున్న మొదటి అంచెను మొత్తంగా నేలకు బిగించి మండించే టెస్టు బెడ్డు కట్టనే లేదు. ఖర్చు ఎక్కువ, సమయం లేదు అన్నారు. పరీక్షల బాధ్యత చూసే వోస్క్రెసెన్‌స్కీ అనే పాతకాపు, కొరొల్యోవ్‌కు ఆప్తుడు, ఇది తప్పని పోట్లాడి, ఆ పదవినుంచి తప్పుకున్నాడు. 1965లో కన్నుమూశాడు. తన మాట నిజం కావడం ఆయన చూడలేదు.

1969 ఫిబ్రవరి 21, జులై 3. 1971 జూన్. 1972 నవంబరు 23. నాలుగు ప్రయోగాలు, నాలుగూ మొదటి అంచెలోనే విఫలం. జులై 3న ఒక ఇంజనులోని ఆక్సిజన్ పంపు పేలి, రాకెట్టు తిరిగి తన వేదిక మీదే పడి దానిని బుగ్గిచేసింది. అమెరికావారు శాటర్న్-5 మొదటి అంచెను మిసిసిపీలో బిగించి మండించి చూసిన తరువాతే ఎగరేశారు. వాళ్ళు నేల మీద నేర్చుకున్నది, వీళ్ళు గాలిలో నేర్చుకోవలసి వచ్చింది.

ఇది మేధావుల కొరత కాదు మాస్టారూ. తేదీ ప్రకటించినవాడికి "ఇంకా సిద్ధం కాలేదు" అని చెప్పే మనిషికి చోటులేని రాజ్యం లక్షణం ఇది. 1953లో పళ్ళచక్రం విరిగితే ఆగి ఆలోచించిన అదే కర్మాగారం, పదేళ్ళు తిరిగేసరికి పరీక్ష లేని రాకెట్టుకు ఇంజన్లు ఇవ్వవలసి వచ్చింది. వ్యవస్థే అద్భుతాలు చేస్తుందంటే ఈ విడ్డూరానికి సంజాయిషీ ఏమిటి?

*

అయితే ఆ కర్మాగారం తన పాఠం తాను నేర్చుకుంది. ఎన్‌కే-15ను దిద్ది, ఒకటికి పదిసార్లు మండించి చూడదగిన ఎన్‌కే-33ను తయారుచేశారు. ఇక పంపబోయే ప్రతి ఇంజనునూ ముందుగా నడిపి చూడవచ్చు. కొత్త ఇంజన్లతో తరువాతి ఎన్-1 సిద్ధమవుతుండగా 1974 మేలో గ్లుష్కో అధికారంలోకి వచ్చాడు, పని ఆపించాడు. 1976లో పథకం లాంఛనంగా రద్దయింది. ఉన్న సామగ్రినంతా నాశనం చేయమని ఆజ్ఞ. రాకెట్టు తొట్లను కోసి బైకొనూర్‌లో పాకలకు కప్పులుగా వేశారు.

కుజ్నెత్సోవ్ ఇంజన్లను ముక్కలు చేయలేదు. పదులకొద్దీ ఎన్‌కే-33లను ఒక గిడ్డంగిలో దాచేశాడు. పట్టుబడితే తన పదవీ, తన కర్మాగారమూ ఏమవుతాయో ఆయనకు తెలుసు. సుమారు ఇరవయ్యేళ్ళు అవి అక్కడే ఉన్నాయి. 1990లలో అమెరికావారు వచ్చి చూసి నివ్వెరపోయారు. అలాంటి ఇంజను అసాధ్యమని వారిలో చాలామంది అనుకుంటూ ఉండేవారు. తన బరువుకు 130 రెట్లకు పైగా నెట్టగల ఇంజను అది. ఏరోజెట్ సంస్థ ఒక్కొక్కటి 11 లక్షల డాలర్ల చొప్పున మూడు డజన్ల దాకా కొనుక్కుపోయింది. కుజ్నెత్సోవ్ 1995లో మరణించాడు. ఆయన దాచిన ఇంజన్లు 2013 ఏప్రిల్‌లో అంతారెస్ రాకెట్టుకు, అదే సంవత్సరం డిసెంబరులో రష్యావారి సొయూజ్-2.1వికి బలమిచ్చాయి.

ఇక్కడ చప్పట్లు కొట్టి సినిమా ముగించవచ్చు. కాని ముగింపు అది కాదు. 2014 అక్టోబరు 28న వర్జీనియా తీరంలో అంతారెస్ లేచిన కొద్ది సెకన్లకే కూలిపోయింది. ఆక్సిజన్ పంపు పేలింది. అంతకుముందు 2011లో నేల మీద జరిగిన పరీక్షలో ఒక ఇంజను లోహంలో పగుళ్ళ వల్ల దెబ్బతిన్నది, 2014 మేలో మరొకటి టెస్టు బెడ్డు మీదే పేలింది. ప్రమాద కారణాల మీద కొన్నవారూ వాడినవారూ వేరువేరు మాటలు చెప్పారు. నాకు కనిపించేది ఒక్కటే. దాచిన ఇంజను నలభయ్యేళ్ళ తరువాత దొరుకుతుంది గాని, దానిని చేసిన చేతులు దొరకవు. పళ్ళచక్రం విరిగితే చప్పుడు విని చెప్పగల ముసలి ఫిట్టరు గిడ్డంగిలో నిలవ ఉండడు. కొన్నవాడికి ఇనుము వచ్చింది, అనుభవం రాలేదు.

*

నన్ను నిలదీసేవారు ఇంకొకరున్నారు, వారి మాటా వినాలి. "ఇంత పొగుడుతున్నావు, ఆ ఇంజను ఏం మోసిందో తెలుసా?" తెలుసు. 1961 అక్టోబరు 30న మానవజాతి ఎరిగిన అతిపెద్ద బాంబును మోసిన టీయూ-95కు ఉన్నవి ఎన్‌కే-12లే. 2022 నుంచి ఉక్రెయిన్ నగరాల మీదికి క్షిపణులు వదిలిన టీయూ-95లకు ఉన్నవీ అవే. 2025 జూన్ 1న ఉక్రెయిన్ డ్రోన్లు వాటిలో కొన్నిటిని నేల మీదే తగలబెట్టాయంటే నాకు ఆ ఇంజన్ల మీద జాలి కలగలేదు. నిద్రలో చచ్చిపోయే పిల్లల తల్లికి గేర్ పెట్టె సొగసు వర్ణించడం నీచం. పనితనాన్ని మెచ్చుకోవడం వేరు, ఆ పనితనాన్ని అద్దెకు తీసుకున్నవాడిని మెచ్చుకోవడం వేరు. మాస్టారు రెండవది కూడా చేస్తారు, నేను చేయను. కాని చెడ్డవాడి చేతిలో ఉన్నది గనుక అది కాపీ అనీ, తుక్కు అనీ అనడం ఓదార్పే తప్ప నిజం కాదు.

*

ఇంత గొడవ మనకెందుకు? మనకే కావాలి.

సాలూరు ఘాటెక్కి ఒడిశాలోకి వెళితే కొరాపుట్ దగ్గర సునాబెడ వస్తుంది. 1960లనుంచి అక్కడ హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు రష్యన్ ఇంజన్లు తయారుచేస్తున్నారు. మిగ్-21వి, మిగ్-29వి, సుఖోయ్-30వి. అవి కుజ్నెత్సోవ్‌వి కావు, ఇతర రష్యన్ సంస్థల గీతలు. ఆ పని తక్కువది కాదు. కాని ఇతరుల గీతల ప్రకారం ఎంత చక్కగా చేసినా, ఎందుకు అలా గీశారో ఆ గీత చెప్పదు. అది చెప్పేది విరిగిన ముక్క మాత్రమే.

మన సొంత ఇంజను కావేరీ పని 1989లో మొదలైంది. 2008లో దానిని తేజస్ విమానంనుంచి విడదీశారు. "అవమానం, దండగ" అని మన పత్రికలు వ్రాశాయి. 2010లో ఆ ఇంజనును ఎత్తైన ఆకాశపు పరిస్థితులలోనూ, ఎగిరే విమానానికి తగిలించీ పరీక్షించవలసి వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకుపోయారో తెలుసా? రష్యాకు. ఎందుకంటే అలాంటి పరీక్షాకేంద్రం గాని, ఇంజను తగిలించి ఎగరేసి చూసే విమానం గాని మన దగ్గర లేవు. ఇరవయ్యేళ్ళు ఇంజను చేశాం, దానిని చూసుకునే అద్దం మాత్రం కొనలేదు! కావేరీని తిట్టినవారిలో ఎందరు ఈ ప్రశ్న అడిగారు?

తిట్టడం ఎంత సులువో పొగడడం అంతే సులువు. 2021లో హైదరాబాదులోని రక్షణ లోహపరిశోధనశాల ఏకస్ఫటిక టర్బైను రెక్కలు 60 పోతపోసి హెలికాప్టరు ఇంజను కోసం హిందుస్తాన్ ఏరోనాటిక్స్‌కు ఇచ్చింది. గొప్ప సంగతి, ఎవరూ సులువుగా నేర్పని విద్య. మన పేపర్లు ఒకరోజు జయజయధ్వానాలు చేసి మరునాడు మరచిపోయాయి. 2025 ఆగస్టు 15న ఎర్రకోటమీదనుంచి ప్రధాని స్వదేశీ జెట్ ఇంజను కావాలన్నప్పుడూ అంతే, చప్పట్లు. ఆ రెక్క వేయి గంటలు నడిచాక ఎలా ఉందని అడిగేవాడు కావాలి నాకు. పగిలితే పగిలిందని పేపరులో వేయగల ధైర్యం కావాలి. పగిలిందని చదివి నవ్వకుండా ఉండగల పాఠకుడు అంతకంటే ఎక్కువ కావాలి. ఆ పాఠకుడు మనమే. విఫలమైనవాడిని చూసి నవ్వే జాతికి దాచిపెట్టే ఇంజనీర్లే దొరుకుతారు. అక్కడ భయం వల్ల దాచారు, ఇక్కడ వెక్కిరింతకు జడిసి దాస్తారు. ఫలితం ఒక్కటే.

మొన్న మళ్ళీ బీచికి వెళ్ళాం, బావమరిదీ నేనూ. ఉప్పుగాలికి తడిసిన ఆ ప్రొపెల్లర్ల కింద నిలబడి, పెరెల్యోత్ కథ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే ఆ పళ్ళచక్రం ఎందుకు విరిగిందో వాళ్ళకెలా తెలిసింది బావా?" అన్నాడు చివరికి.

"కాపీ" అన్న మాటకంటే ఈ ప్రశ్న వేయి రెట్లు మేలు. మాస్టారి దగ్గరినుంచి కూడా ఇలాంటిదొకటి రాబట్టాలని చూస్తున్నాను, ఆయన ఇంకా అలిగే ఉన్నారు.

మన బ్లాగరులలో ఇంజనీర్లకు కొదవ లేదు. నా లెక్కల్లో తప్పుంటే మొహమాటపడకుండా దిద్దండి. తప్పు చూపించినవారి మీద కోపం తెచ్చుకుంటే ఇంతసేపూ నేను వ్రాసినదానికి అర్థమే లేదు కదా!